ఘానా వెళ్ళేముందు మీ మేనత్తను అడుగు

ప్రశ్న: నాకు 25 ఏళ్ళండి. మాది రాజోలు దగ్గర పల్లె. బి.టెక్ సివిల్ చదివి కాకినాడలో ఒక బిల్డరు దగ్గర సైట్ ఇంజనీరుగా చేస్తున్నాను. మా మేనత్తకు పుట్టుకతోనే వినపడదు. మాతోనే ఉంటుంది, నన్ను పెంచింది ఆవిడే. ఆవిడతో సైగలతో మాట్లాడటం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. ఈమధ్య ఘానా దేశంలో అక్రా దగ్గర ఒక చెవిటి మూగ పిల్లల బడికి హాస్టల్ కట్టడానికి వాలంటీర్లు కావాలని ఒక సంస్థ ఇచ్చిన ప్రకటన చూశాను. మార్చిలో మూడు వారాలు. విమానం చార్జీలు కాక 1,80,000 రూపాయలు మనమే కట్టాలి. నేను దాచుకున్న డబ్బు సరిపోతుంది. సైగలు వచ్చు, సివిల్ పని వచ్చు, ఇంతకంటే నాకు తగిన సేవ ఏముంటుందనిపిస్తోంది. అమ్మేమో ‘ఆ డబ్బుతో ఈ వేసవిలో డాబా మీద గది వేసుకోవచ్చు కదా, ఊరూ పేరూ తెలియని దేశానికి ఆడపిల్లవి ఒక్కదానివీ ఎందుకు’ అంటోంది. నాన్న ఏమీ అనడం లేదు. ప్రకటన కాగితం జత చేశాను. వెళ్ళమంటారా?
— ఒక పాఠకురాలు, రాజోలు మండలం

సమాధానం: తల్లీ, వెళ్ళు. కానీ ఈ మార్చిలో వద్దు.

నీ ఉత్తరం చదివి, జవాబు రాయకుండా ముందు మా తమ్ముడి దగ్గరికి వెళ్ళాను. వాడికీ పుట్టుకతో వినపడదు. నలభై ఏళ్ళు తాపీ పని చేశాడు. అంబాజీపేట చుట్టుపక్కల వాడు కట్టిన ప్రహరీలు, మెట్లు ఈనాటికీ బీట లేకుండా ఉన్నాయి. నీ సంగతంతా సైగల్లో చెప్పాను. వాడు శ్రద్ధగా చూసి, తాపీ పట్టినట్టు కుడి మణికట్టు తిప్పి, దూరంగా చెయ్యి చాపి, రెండు అరచేతులూ వెల్లకిలా తిప్పాడు. అక్కడ మాలాంటి వాళ్ళలో తాపీ పట్టేవాడు ఒక్కడూ లేడా, అని.

ఆ ప్రశ్న నాకు తట్టలేదు. నలభై ఏళ్ళు వాడి పక్కన ఉండి కూడా తట్టలేదు. నువ్వు పంపిన కాగితం మళ్ళీ తీసి చూశాను. పిల్లల ఫొటోలు పదకొండు ఉన్నాయి. పెద్దవాళ్ళయిన బధిరుల ఫొటో ఒక్కటీ లేదు. పని నడిపేది ఎవరు, హాస్టలు ఇలా ఉండాలని చెప్పింది ఎవరు, ఆ బడిలో చదివి వెళ్ళినవాళ్ళు ఇప్పుడు ఏం చేస్తున్నారు, వాళ్ళలో ఒక్కరైనా ఈ కట్టుబడిలో ఉన్నారా? ఒక్క ముక్క లేదు. నేను ఈ మార్చికి వద్దంటున్నది అందుకే.

ఘానాలో బధిరుల చదువుకు పునాది వేసినవాడు బధిరుడేనమ్మా. ఆండ్రూ ఫోస్టర్ అని అమెరికా నల్లజాతి మనిషి. పదకొండో ఏట మెనింజైటిస్ అనే మెదడు పొరల వాపు జబ్బు చేసి వినికిడి పోయింది. వాషింగ్టన్‌లో బధిరుల కోసం 1864 నుంచి నడుస్తున్న గాలొడెట్ విశ్వవిద్యాలయంలో 1954లో డిగ్రీ అందుకున్న మొదటి నల్లజాతి విద్యార్థి ఆయనే. 1957లో, ఘానా స్వతంత్రమైన ఏడాదే, అక్రాలో బడి తెరిచాడు. అదే తర్వాత మాంపాంగ్ అక్వాపిమ్ అనే కొండ ఊరికి మారింది. ఆపైన ఆఫ్రికా దేశాల్లో ముప్పైకి పైగా బళ్ళు పెట్టాడు. లెక్క వేసుకో. ఆ మొదటి బడి పిల్లలు ఈపాటికి తాతలూ అమ్మమ్మలూ అయి ఉంటారు. వాళ్ళకు ఘానా జాతీయ బధిరుల సంఘం అని సొంత సంఘం ఉంది. అలాంటి చోట హాస్టలు కడుతూ పెద్దవాళ్ళను పక్కన పెట్టి, పిల్లల ముఖాలు చూపించి పరాయి దేశాల నుంచి మనుషుల్ని రమ్మంటే, నేనైతే ఆగి అడుగుతాను.

ఇంకొక మాట, కోప్పడుతున్నానని అనుకోకు. ‘చెవిటి మూగ’ అని రాశావు. మన ఊళ్ళలో అందరం అలాగే అన్నాం, మా అమ్మా అనేది. కానీ వాళ్ళు మూగవాళ్ళు కారు. మీ మేనత్త నిన్ను పెంచిందన్నావు. మాట లేకుండానే పెంచిందా? కసిరింది, లాలించింది, కథలు చెప్పింది, అన్నీ చేతులతో చేసింది. అక్కడికి వెళ్ళేలోపు ఆ రెండో మాట నీ నోట్లోంచి పోవాలి.

ఇక సైగల సంగతి. నీకు వచ్చినది మీ ఇంటి భాష. మీ మేనత్తా, మీ ఇంటివాళ్ళూ కలిసి కల్పించుకున్నది. చాలా విలువైనది, కానీ మీ వీధి దాటితే పని చెయ్యదు. ప్రపంచమంతా సైగలు ఒకటే అనుకుంటారు చాలామంది. ఘానాలో బడి భాష ఘానా సంకేత భాష. ఫోస్టర్ తెచ్చిన అమెరికా సంకేత భాష నుంచి పెరిగింది. మన భారతీయ సంకేత భాష వేరే చెట్టు. మనం అక్షరాలు రెండు చేతులతో చూపిస్తాం, వాళ్ళు ఒక్క చేత్తో చూపిస్తారు. అంతెందుకు, మాంపాంగ్‌కు దగ్గర్లోనే అడమొరోబే అనే ఊరుంది. అక్కడ కొన్ని తరాలుగా వంశపారంపర్యంగా వినికిడి లేనివాళ్ళు పుడుతున్నారు. ఆ ఊరిది ఇంకో సొంత సంకేత భాష. ఫోస్టర్ రావడానికి ఎంతో ముందు నుంచీ ఉన్నది. వినపడేవాళ్ళు కూడా చాలామంది దాన్ని మాట్లాడతారు. ఆ ఊరి బధిర పిల్లలు మాంపాంగ్ బడికి వెళ్ళి ఘానా సంకేత భాష నేర్చుకుని రావడంతో పాత భాష పల్చబడుతోంది. ఒక హాస్టలు కట్టడమంటే ఒక భాషను ఇంటి నుంచి బడికి తరలించడం కూడా. సైట్ ఇంజనీరుకు ఈ సంగతి తెలిసి ఉండాలి.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. నీకు పనికొచ్చేది ఇదే.

మాది మండువా ఇల్లు. మధ్యలో ఆకాశం, నాలుగు వైపులా వసారాలు, చుట్టూ గదులు. మా తమ్ముడి చోటు దక్షిణపు వసారాలో స్తంభం పక్కన. చిన్నప్పటి నుంచీ అక్కడే కూర్చునేవాడు, అక్కడే తినేవాడు. వీడికి ఆ స్తంభం మీద మోజేమిట్రా అని నవ్వేవాళ్ళం. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను వచ్చింది కదా, కోనసీమలో కొబ్బరిచెట్టు అన్నది నిలబడలేదు. ఆ రాత్రి మా ఇంట్లో అందరికంటే ముందు కీడు గ్రహించింది వాడే. గాలి హోరులో మాకు ఇంకేమీ వినపడటం లేదు. వాడు మాత్రం గోడకు అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. గోడ ఒణుకు మారిందని చేత్తో చూపించి, అమ్మను చంకలో చెయ్యి వేసి లేపి, మమ్మల్నందర్నీ పెరటివైపు గదిలోకి తోసేశాడు. కాసేపటికే పడమటి వసారా పెంకులతో సహా కూలింది.

తర్వాత ఇల్లు కట్టాం. నేను ఇంజనీరును, ప్లాను నేనే గీశాను. గట్టి డాబా, మధ్యలో సన్నటి నడవా, అటు రెండు గదులు ఇటు రెండు గదులు, గదికో తలుపు. తుఫానుకు చెక్కుచెదరదని ఊరంతా మెచ్చుకున్నారు. తమ్ముడికి తూర్పు గది ఇచ్చాను, ఫ్యానూ అటాచ్డ్ బాత్రూమూ పెట్టి. నెల తిరక్కుండా వాడు మంచం ఎత్తుకొచ్చి వీధి అరుగు మీద వేసుకున్నాడు. చలికాలంలో కూడా లోపలికి రాడు. మొండితనం అనుకున్నాం. ఏడాది పోయాక ఒకరోజు చూద్దును కదా, అరుగు స్తంభానికి గడ్డం గీసుకునే చిన్న అద్దం మేకు కొట్టి తగిలించాడు. నేను వాడి మంచం మీద కూర్చుని ఆ అద్దంలోకి చూశాను. వీధి తలుపు, నడవా, నడవా చివర వంటింటి గుమ్మం, అందులో అమ్మ కొంగు. అన్నీ ఆ అరచేయంత అద్దంలో ఉన్నాయి.

అప్పుడు అర్థమైంది. మండువాలో ఆ స్తంభం దగ్గర కూర్చుంటే నాలుగు వైపులా ఎవరు వచ్చారో ఎవరు పోయారో వాడికి కనపడేది. ఎదుటి వసారాలో ఉన్న అమ్మతో వాన నీటి మీదుగా మాట్లాడేవాడు. నేను కట్టించిన ఇంట్లో మేం గదిలోంచి గదిలోకి కేకలేసుకున్నాం. వాడికి ప్రతి తలుపూ ఒక గోడే. వాడు తాపీమేస్త్రి, ఆ గోడల్లో సగం వాడే కట్టాడు. కానీ ప్లాను గీసేటప్పుడు నేను వాడిని అడగలేదు. తర్వాత వంటింటికీ నడవాకీ మధ్య గోడ కొట్టించాను, కాలింగ్ బెల్లు వైరుకే ఒక బల్బు కలిపించాను. వాడి మంచం మళ్ళీ లోపలికి వచ్చింది.

నేను ఏడాది పట్టి తెలుసుకున్నదానికి గాలొడెట్‌లో 2005 నుంచి ఒక శాస్త్రమే తయారైంది. హాన్సెల్ బౌమన్ అనే ఆర్కిటెక్టు అక్కడి బధిర విద్యార్థులతో, అధ్యాపకులతో కూర్చుని వాళ్ళు ఎలాంటి చోట హాయిగా ఉంటారో గమనించి రాబట్టాడు. డెఫ్‌స్పేస్ అంటారు. చేతులతో మాట్లాడుకుంటూ నడిచేవాళ్ళు ఒకరినొకరు చూసుకుంటూ నడవాలి కాబట్టి నడవాలు వెడల్పుగా ఉండాలి. మలుపు దగ్గర ఎదుటివాడి అడుగుల చప్పుడు వినపడదు కాబట్టి మూలలు గుండ్రంగా ఉండాలి, లేదా అద్దం బిగించాలి. కిటికీ ముందు నిలబడి మాట్లాడేవాడి ముఖమూ చేతులూ నీడలో పడతాయి కాబట్టి వెలుతురు ఎటు నుంచి వస్తుందో చూసుకోవాలి. మెరిసే టైల్సు కంటిని అలసిపెడతాయి. గోడలకు లేత నీలమో ఆకుపచ్చో వేస్తే చేతులు స్పష్టంగా కనపడతాయి. వరస బల్లల కంటే అర్ధచంద్రంగా వేసిన బల్లలు మేలు. వినికిడి యంత్రాలు వాడే పిల్లలకు ఖాళీ హాలులో ప్రతిధ్వని నరకం. ఇదంతా చదివినప్పుడు మా కూలిపోయిన మండువాయే కళ్ళ ముందు కనపడింది. ఈ దృష్టితో ఆ హాస్టలు ప్లాను చూపించమని అడుగు. నాలుగు మూలలా కోళ్ళగూడులా గదులు పేర్చి ఉంటే, అది బధిరులు గీయించిన ప్లాను కాదని నీకే తెలుస్తుంది.

సైట్ మీద పని మాట. కాకినాడలో నువ్వు పని చేయించేదంతా నోటితోనే. ‘జరుగు’, ‘పట్టు’, ‘వదులు’, ‘పైన చూసుకో’. అక్కడ అవేవీ ఉండవు. పైగా చేతులే నాలుక అయినప్పుడు, చేతిలో సిమెంటు బొచ్చె ఉంటే మనిషి నోట్లో గుడ్డ కుక్కినట్టే. మా తమ్ముడు ఏదైనా చెప్పాలంటే తాపీని గోడ మీద పెట్టి, చెయ్యి పంచెకు తుడుచుకుని అప్పుడు చెప్పేవాడు. తొందరగా చెప్పాల్సి వస్తే తాపీతోనే ఇటుక మీద రెండు దెబ్బలు కొట్టి, గడ్డంతో చూపించేవాడు. వాడితో చేసే జట్టు కొన్ని కట్టుబాట్లు పెట్టుకుంది. పరంజా మీద మనిషి ఉంటే కింద ఎవరూ నడవకూడదు. పరంజా చెక్క మీద కాలితో మూడుసార్లు తొక్కితే ఎక్కడివాళ్ళు అక్కడ ఆగి తల తిప్పాలి. అదురు చెక్కలోంచి అరికాలికి తెలుస్తుంది. స్లాబు వేసే రోజున ఒక మనిషి ఏ పనీ చెయ్యకుండా అందరికీ కనపడేచోట ఎర్రగుడ్డ పట్టుకుని నిలబడాలి. వినపడేవాళ్ళు కొత్తగా వస్తే ఒక రోజంతా ఈ కట్టుబాట్లు చూసి నేర్చుకున్నాకే బొచ్చె అందుకోవాలి. మూడు వారాల్లో ఎంతమంది వాలంటీర్లకు ఇది వంటబడుతుంది? అడుగు. సైట్ మీద సంకేత భాష దుబాసీ రోజంతా ఉంటాడా అని కూడా అడుగు. లేకపోతే మీ వాలంటీర్లంతా మీలో మీరు ఇంగ్లీషులో మాట్లాడుకుంటారు, వాళ్ళ ఊళ్ళో వాళ్ళే బయటివాళ్ళై నిలబడతారు.

మట్టి విషయంలోనూ అంతే. నీకు తెలిసింది డెల్టా మట్టి. రెండడుగులు తవ్వితే ఊట, ఎండకు బీటలు, వానకు ఉబ్బు. అక్కడ ఎర్రమట్టి, సిమెంటు ఇసుకతో పోసిన దిమ్మలు, వేరే కొలతలు. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. కాటన్ దొర 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టేనాటికి, లోతు తెలియని ఇసుకలో పునాది నిలబెట్టే కిటుకు కావేరి మీద మనవాళ్ళు ఏనాడో కట్టిన కల్లణై నుంచి నేర్చుకుని ఉన్నాడు. ఆ సంగతి ఆయనే ఒప్పుకున్నాడు. నువ్వూ అక్కడి మేస్త్రి కింద రెండో చెయ్యిగా చేరడానికి సిద్ధపడి వెళ్ళు. పని నేర్పడానికి అని వెళ్ళకు.

డబ్బు విషయం. తాపీమేస్త్రి కూలీ రోజుకు వెయ్యి అనుకుంటే 1,80,000 అంటే 180 రోజుల పని. ఒక బధిర మేస్త్రికి ఆరు నెలల జీవనం. నీ డబ్బులో ఎంత కట్టుబడికి పోతుంది, ఎంత నీ బసకూ తిరుగుళ్ళకూ పోతుంది, స్థానిక మేస్త్రీలకు కూలీ ఇస్తున్నారా అని రాతపూర్వకంగా అడుగు. నిజాయతీ ఉన్నవాళ్ళు లెక్క చూపిస్తారు. అలాగే స్థలం, భవనం ఎవరి పేరున ఉంటాయో అడుగు.

మీ అమ్మగారి భయాన్ని చాదస్తం అని తీసెయ్యకు. కోనసీమలో గల్ఫ్ ఏజెంట్లను నమ్మి విజిట్ వీసా మీద వెళ్ళి అక్కడ చిక్కుకున్న ఆడవాళ్ళ కథ లేని ఊరు లేదు. జీతం లేని పనైనా పర్యాటక వీసా మీద చెయ్యనిస్తారా లేదా అన్నది దేశాన్ని బట్టి ఉంటుంది. ఏ వీసా ఇప్పిస్తారో సంస్థ చెప్పాలి, దాన్ని ఘానా రాయబార కార్యాలయంలో నువ్వు సరిచూసుకోవాలి. ఎల్లో ఫీవర్ టీకా లేకుండా ఆ దేశంలోకి రానివ్వరు. తిరిగొచ్చేటప్పుడు ఆ సర్టిఫికెట్టు లేకపోతే మన విమానాశ్రయంలోనే ఆరు రోజుల దాకా విడిగా ఉంచేస్తారు. హైదరాబాదు నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థలో వేస్తారు. ఒకసారి వేయించుకుంటే జన్మంతా చెల్లుతుంది, కాకపోతే ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. మలేరియా మాత్రలు డాక్టరును అడిగి వాడు. ఇంకొకటి, ఆ సంస్థ నిన్ను పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్టు అడిగిందా? అడక్కపోతే అది నీకు సులువు కాదు, ఆ పిల్లలకు ప్రమాదం. తమకు జరిగింది నోటితో చెప్పుకోలేని పిల్లలుండే హాస్టల్లోకి ముక్కూమొహం తెలియనివాళ్ళను వదిలే సంస్థతో నువ్వు వెళ్ళొద్దు.

మీ నాన్నగారు ఏమీ అనడం లేదన్నావు. తోబుట్టువు మీద ప్రేమతో కూతురు చేస్తానంటున్న పనిని కాదనలేక, మీ అమ్మగారి మాట తోసెయ్యలేక నలుగుతున్నారేమో. ఆయన్ను తొందరపెట్టకు.

ఈలోగా చెయ్యాల్సింది ఉంది. భారతీయ సంకేత భాష నేర్చుకో. 2015లో ఢిల్లీలో పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ పదివేల మాటల వీడియో నిఘంటువు తయారుచేసింది, ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంది. ఘానాలో అది పనికిరాదు కదా అనకు. ఒక సంకేత భాషను వ్యాకరణంతో సహా నేర్చుకున్న చేతికీ కంటికీ రెండోది త్వరగా పట్టుబడుతుంది. కాకినాడలోనో రాజమండ్రిలోనో బధిరుల సంఘం వాళ్ళు కలుసుకునే చోటు కనుక్కుని వెళ్ళి కూర్చో. మొదట్లో ఏమీ అర్థం కాదు. గదిలో అందరూ మాట్లాడుకుంటుంటే నువ్వొక్కదానివీ బయటిదానివై కూర్చోవడం ఎలా ఉంటుందో తెలియాలి. తర్వాత ఆ సంస్థకు పైన చెప్పిన ప్రశ్నలన్నీ రాయి, ఘానా బధిరుల సంఘాన్ని కూడా విడిగా అడుగు. జవాబులు బాగుంటే, మూడు వారాలకు బదులు మూడు నెలలు ఉండేలా వచ్చే ఏడాది వెళ్ళు. అప్పుడు మీ అమ్మగారికి నేనే ఫోన్ చేసి చెబుతాను.

డాబా మీద గది సంగతి రాశావు. వెయ్యండి, డబ్బులో కొంత దానికి పోయినా ఫర్వాలేదు. కానీ మెట్లు ఎటు నుంచి వస్తాయో, కింద కూర్చుంటే పైన ఎవరున్నారో కనపడుతుందో లేదో మీ మేనత్తను ఎవరైనా అడిగారా? కాగితం మీది ప్లాను ఆవిడకు చూపిస్తే తల ఊపేస్తుంది, మా తమ్ముడూ అలాగే ఊపాడు. పొద్దున్నే వాకిలి చిమ్మాక ఆవిడను పక్కన నిలబెట్టుకుని ముగ్గు పొయ్యి, అసలు కొలతతో. మెట్లు ఇక్కడ, గుమ్మం ఇక్కడ, కిటికీ ఇక్కడ. ముగ్గు గీతల మధ్య ఆవిడను నడిపించు. ఆవిడ ఎక్కడ ఆగి వెనక్కి తిరిగి చూస్తుందో చూడు. ముగ్గు చెరపమంటే చెరిపి మళ్ళీ పొయ్యి.